మేక కన్నూ, ఏసోబు కన్నూ

శ్రావణమాసం, రెండవ శనివారం, సాయంత్రం, నల్లగొండ. మిత్రుడు ఏసోబు తుదిశ్వాస విడిచినప్పుడు దగ్గరున్నవారు: భార్య సుగుణమ్మ, అక్క మరియమ్మ, నేను. డైరీలో ఇంతవరకు రాసి కలం ఆపాను. మధ్యాహ్నం నాతో చాయ్ తాగిన మనిషి ఇక లేడన్న వాక్యం చేతికి రాలేదు.

మా కళాశాలలో ఏసోబు జంతుశాస్త్రం బోధించాడు, నేను తెలుగు. ఆదివారం జనమంతా మటన్ కోసం నిలబడితే ఆయన మేక కండ్ల కోసం నిలబడేవాడు. ఉద్యోగ విరమణ తరువాత కూడా మానలేదు. "కండ్లు లేని తలకాయ ఎవడు కొంటడు సారూ? గిరాకీలు నాతోని కొట్లాడుతున్రు" అంటూనే దుకాణం మైసయ్య వాటిని మంచుగడ్డల డబ్బాలో పెట్టి ఇచ్చేవాడు; ఈమధ్య తానే ఇంటికి తెచ్చిస్తున్నాడు.

ఆ కండ్లలోని కటకాల నుంచి మాంసకృత్తులు తీసి, కంటివాపు రోగుల రక్తంతో కలిపి పరీక్షించడం ఆయన జీవితకాల కృషి. నాకోసం ఓసారి విడమరిచాడు: "కటకం మనం పుట్టకముందే సంచిల మూసుకుంటది. దెబ్బ తాకి పగిలిందనుకో, ఒంట్లున్న కావలి దాన్ని ఎన్నడు చూడలె గద, దొంగ అనుకొని మీద పడ్తది. మేక కటకం, మన కటకం దాయాదులు. మన రక్తం మేకదాని మీదికి లేస్తే, సొంతదాని మీద గూడ పగవట్టినట్టే." సొంత శరీరమే సొంత కన్నును పరాయిదనుకోవడం నాకు ఆనాడూ అంతుబట్టలేదు, ఈనాడూ అంతుబట్టదు.

ఆ సాయంత్రం సుగుణమ్మ నావైపు తిరిగింది. "అన్నా, తన కండ్లు ఇయ్యమన్నడు. జల్ది ఎవలనన్న పిలువు."

మరియమ్మ అడ్డుపడింది. "రేపు ప్రభువు లేపితే కండ్లు లేకుంట ఎట్ల లేస్తడే?"

"గుడ్డోళ్లకు చూపిచ్చిన ప్రభువు ఈయనకియ్యడా వదినె?"

ఇంతలో నాకే అనుమానం వచ్చింది. ఏసోబుకు రెండు కండ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. కన్నంటే కటకమేనని ఇన్నేళ్లూ ఆయన నోట విన్నవాళ్లం. "లోపల ప్లాస్టిక్ బిళ్లలే గదమ్మా, ఏం తీసుకుంటరు?" అన్నాను. ఆలస్యమైతే కండ్లు పనికిరావని తెలిసీ, ముగ్గురమూ దిక్కుతోచక కూర్చున్నాం. చివరికి సుగుణమ్మే లేచి కంటి బ్యాంకుకు ఫోన్ చేసింది.

వచ్చిన డాక్టరమ్మ టార్చి వేసి చూసింది. "మాకు కటకంతో పనిలేదు పెద్దాయనా. కన్ను ముందుండే తేటపొర, కార్నియా కావాలె. అది మంచిగున్నది."

డాక్టరమ్మ పని ముగించాక మరియమ్మ తమ్ముడి రెప్పలు తానే నిమిరింది.

మరునాడు తెల్లవారగానే మైసయ్య అలవాటుగా డబ్బాతో వచ్చి, షామియానా చూసి వాకిట్లోనే ఆగిపోయాడు. "ఇగ ఇవి ఎవలకియ్యాలె సారూ?"

ఏసోబు చోట నిలబడే మనిషి ఈ ఊళ్లో లేడు. రెండు చేతులా ఆ డబ్బా అందుకున్నాను. మంచు ఇంకా కరగలేదు.