నలభై రెండో డ్రమ్ము

భయపడటమే నా ఉద్యోగం. రేణిగుంట దగ్గర ఇనుప సామాన్లకు మెరుగు పూత పూసే ఒక చిన్న ఫ్యాక్టరీలో ప్రమాదకర వ్యర్థాల బాధ్యత నాది. అక్కడ పుట్టే విషం ఎంత పుట్టింది, ఎవరి చేతుల మీదుగా ఎక్కడికి పోయింది అని లెక్క తప్పకుండా రాసిపెట్టాలి. ఏ వ్యర్థమూ తొంభై రోజులకు మించి యార్డులో ఉండకూడదు. లారీ ఎక్కేటప్పుడు దాని వెంట ఏడు రంగుల కాపీలున్న పత్రం పోవాలి. అందులో నీలం రంగు కాపీని, సరుకు అందుకున్నవాళ్లు సంతకం పెట్టి నాకు తిరిగి పంపాలి. అది చేతికొచ్చేదాకా నాకు అన్నం సయించదు. గ్యాసు కట్టేశానో లేదో అని గేటు దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి వచ్చే మనిషికి ఇలాంటి ఉద్యోగం ఎవరిచ్చారు అని మా ఆయన ఎగతాళి చేస్తాడు. నాలాంటిదానికి కాక ఇంకెవరికిస్తారు అంటాను.

ఆ ఎండాకాలం ఒక శనివారం పొద్దున్నే ఆఫీసుకు పోయేసరికి బల్ల మీద నీలం రంగు కాపీ ఉంది. రసాయనాల ఖాళీ డ్రమ్ములు, నలభై ఒకటి అందాయి అని రాసి ఉంది. నేను పంపినది నలభై రెండు.

మళ్లీ చూశాను. నా దగ్గరున్న పసుపు కాపీ తీసి పక్కన పెట్టుకుని చూశాను. నలభై రెండే, కింద నా సంతకం. అప్పుడు గుర్తొచ్చింది, ఆ సంతకం లారీ నిండాక పెట్టింది కాదు. మర్నాడు పొద్దున మీటింగు ఉందని, ముందురోజు సాయంత్రమే యార్డులో డ్రమ్ములు లెక్కపెట్టి, కాగితాలన్నీ సిద్ధం చేసి పోయాను. ఇంట్లో గ్యాసు రెండుసార్లు చూసేదాన్ని, లారీని ఒక్కసారి కూడా చూడలేదు.

మా మేనేజరు ఫోనులో తేలిగ్గా తీసుకున్నాడు. "లెక్క తప్పిందని రాసి పంపండి మేడం, అంతే గదా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కాగితం మీద డ్రమ్మును మాయం చేయడం ఎంతసేపు? అసలు డ్రమ్ము ఎక్కడో ఒకచోట ఉంది కదా. రెండు వందల లీటర్లు పట్టే నీలం ప్లాస్టిక్ డ్రమ్ము. మా వైపు నీళ్లు రోజు మార్చి రోజు వస్తాయి. అలాంటి డ్రమ్ము వీధిలో కనబడితే వదిలే ఇల్లాలు ఉండదు. అందులో ఒకప్పుడు ఉన్నది క్రోమియం ద్రావణం. చేతికి తగిలితే పుండ్లు పడతాయి, కడుపులోకి పోతే ఏమవుతుందో తలుచుకోవడానికే నాకు ధైర్యం చాలదు.

గేటు దగ్గరికి పరిగెత్తాను. సెక్యూరిటీ పెద్దాయన పుస్తకం తీసి వేలితో చూపించాడు. పది రోజుల కిందటి సాయంత్రం, నేను డ్రమ్ములు లెక్కపెట్టి పోయిన రోజే, ఆయన రాతలోనే ఉంది: ఖాళీ డ్రమ్ము ఒకటి, నీళ్లకు. పక్కన మా షెడ్డులో డ్రమ్ములు కడిగే ఒక అక్క వేలిముద్ర.

"అన్నా, ఎట్లా పంపినావు బయటికి?"

"కడిగిన డ్రమ్మే గదమ్మా. భయం లేదని మేడమే సెప్పినారు అనింది. నాకేం తెలుసు?"

ఆ మాట నిజంగా నేను చెప్పిందే.

రెండు నెలల ముందు సంగతి. డ్రమ్ములు కడిగే ఆడవాళ్లలో ఒకామె చేతికి పుండు పడింది. మిగతావాళ్లు ఇంక డ్రమ్ములు ముట్టుకోము అన్నారు. అందరినీ షెడ్డులో కూర్చోబెట్టి క్లాసు చెప్పాను. గ్లవ్స్ వేసుకోండి, మూడుసార్లు కడగండి, కడిగిన నీళ్లు కాలవలోకి కాదు, మన ట్యాంకులోకే పోవాలి. అన్నీ సరిగ్గానే చెప్పాను. చివర్లో వాళ్ల మొహాల్లో బెదురు చూసి, కడిగిన డ్రమ్ము మీద ఉత్త చేత్తో తట్టి, "మూడుసార్లు కడిగినాక ఇంక భయం లేదు" అన్నాను. లారీ ఎక్కించడానికి భయం లేదు, ప్లాస్టిక్ కరిగించేవాళ్లకు పంపడానికి భయం లేదు అని నా ఉద్దేశం. ఆ మిగతా సగం నా నోట్లోనే ఉండిపోయింది. ఎప్పుడూ భయపడే నేను ఆ ఒక్కరోజు ధైర్యం చెప్పాను.

ఆ అక్కది నగరి వైపు మగ్గాల కుటుంబం. మరమగ్గాలు మూతపడ్డాక తిరుపతికి వచ్చి అలిపిరి దగ్గర ఒక సందులో ఉంటోంది. నలుగురు కడిగే చోట ఆమె ఒక్కతే గ్లవ్స్ తీయకుండా పని చేసేది. చెప్పింది చెప్పినట్టు చేస్తుందని నేనే అందరికీ ఆమెను చూపించేదాన్ని. ఆరోజు ఆమె సెలవు. ఎందుకని అడిగితే తోటి పనామె చెప్పింది: "వాళ్ల సందోళ్లంతా కలిసి ఈ పొద్దు నుంచి మజ్జిగ పోస్తా ఉండారు మేడం. కొండకి నడిసిపోయేవాళ్లకి."

ఫోన్ చేశాను. ఎత్తలేదు. నాలుగుసార్లు చేశాను.

స్కూటీ తీశాను. రేణిగుంట నుంచి అలిపిరికి ఆ దారి నేను రోజూ తిరిగేదే. ఆరోజు ప్రతి బస్సూ నాకు అడ్డం రావడానికే పుట్టినట్టుంది. అంత మజ్జిగ మా డ్రమ్ములో కాక దేనిలో కలుపుతారు? పులిసిన మజ్జిగ. నీళ్లయితే కొంత నయమేమో, పులుపు తగిలితే ప్లాస్టిక్ పీల్చుకున్నదంతా బయటికొస్తుంది. అదీ శనివారం, ఎంతమంది నడుస్తారో. చిన్నపిల్లలు, కడుపుతో ఉన్నవాళ్లు, ఉపవాసం ఉండి పరగడుపున తాగేవాళ్లు. తలుచుకునే కొద్దీ మనుషులు పెరిగిపోతున్నారు. దేవుడికి దండం పెట్టుకోవాలని కూడా తోచలేదు, హారన్ మీద నుంచి చెయ్యి తీస్తే కదా.

దూరం నుంచే కనిపించింది. తాటాకుల పందిరి కింద, బల్ల మీద మా నీలం డ్రమ్ము. పసుపు రాసి, నామం పెట్టి, మెడకు బంతిపూల దండ వేశారు. దాని ముందు జనం వరుస. ఆ అక్క చెంబుతో ముంచి గ్లాసుల్లో పోస్తోంది. ఒక పెద్దావిడ గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, "సల్లగా ఉండు తల్లీ" అని మెట్ల వైపు నడిచింది.

చెంబు లాక్కున్నాను. మూత వేశాను. ఒలకబోద్దామంటే పక్కన వీధి కాలవ. అందులో పొయ్యకూడదని నేను క్లాసుల్లో చెప్పేదాన్ని. ఏం చెయ్యాలో తెలియక బల్ల ఎక్కి ఆ మూత మీద కూర్చున్నాను.

గోల లేచింది. "ఏమ్మా, నీకేమన్నా పిచ్చా? స్వామి నామం మీద కాళ్లు పెడతావా? దిగు!" అని ఒకాయన మీదికొచ్చాడు. "దిగను. ఇది విషం డ్రమ్ము. ఎవురూ తాగొద్దు" అని అరిచాను. నా గొంతు నాకే వికారంగా వినిపించింది. వరుస వెనక్కి జరిగింది. గ్లాసు పట్టుకుని ఉన్న ఒకాయన దాన్ని మెల్లగా నేల మీద పెట్టాడు.

అక్క మాత్రం కదల్లేదు. నన్ను చూసి బిత్తరపోయింది.

"మీరే గదమ్మా సెప్పింది, మూడుసార్లు కడిగితే భయం లేదని. నేను ఐదుసార్లు కడిగినాను. సింతపండేసి తోమినాను. మేము తాగి సూడకుండా ఊరికే జనానికి పోస్తామా? పది దినాలుగా ఇంట్లో ఆ డ్రమ్ము నీళ్లే తాగతా ఉండాము. నేను, నా కూతురు, మనవరాలు."

ఏడుపొచ్చేసింది. అంతమంది ముందు, ఆ డ్రమ్ము మీద కూర్చునే ఏడ్చాను.

తర్వాత నేను చెయ్యగలిగింది పని మాత్రమే. ఫ్యాక్టరీ బండి పిలిపించి డ్రమ్మును మూత బిగించి పంపాను. ఆ మజ్జిగకు కూడా ప్రమాదకర వ్యర్థం అని లేబులు రాయాల్సి వచ్చింది. ఒక సీసాలో మజ్జిగ, వాళ్లింటి బిందెలో మిగిలిన డ్రమ్ము నీళ్లు ఇంకో సీసాలో పట్టి ల్యాబుకు ఇచ్చాను. పొద్దున ఆరింటి నుంచి తాగి కొండెక్కినవాళ్లను ఎవరు పిలుస్తారు, ఏమని పిలుస్తారు? మెట్ల దగ్గర కాపలా ఉన్నవాళ్లకూ, దగ్గర్లోని ఆసుపత్రికీ చెప్పి వచ్చాను. మూడు రోజులు కొండ వైపు అంబులెన్సు కూత వినిపిస్తే కిటికీ దగ్గరికి పరిగెత్తాను.

మేనేజరు దొంగతనం అని రాయమన్నాడు. రిపోర్టులో కారణం అనే గడి ఉంటుంది. అందులో, లారీ చూడకుండా సంతకం పెట్టింది నేను, కడిగితే భయం లేదని చెప్పింది నేను అని రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. ఆయన చదివి, మడిచి ఫైల్లో పెట్టాడు. ఆ తర్వాత కడిగిన ఏ డ్రమ్మునూ అడుగున రంధ్రం వేయకుండా గేటు దాటనివ్వడం లేదు.

మంగళవారం ల్యాబు నుంచి ఫోను వచ్చింది. రెండింటిలోనూ క్రోమియం ఉంది. మజ్జిగ ఒక గ్లాసు తాగినవాళ్లకు ఏమీ కాదన్నారు. ఊపిరి పీల్చుకున్నాను. "మరి ఆ నీళ్లు పది రోజులు తాగినవాళ్లకో?" అన్నాను. "పరీక్షలు చేయిస్తే మంచిది మేడం" అన్నారు.

షెడ్డులోకి వెళ్లాను. అక్క గ్లవ్స్ వేసుకుని డ్రమ్ము కడుగుతోంది. నన్ను చూడగానే నీళ్లు ఆపేసింది.

"ల్యాబు సీటీ వచ్చిందామ్మా? మాకేం భయం లేదు గదా?"

ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత సులువైన మాటో, ఇంతకుముందు ఎంత సులువుగా అన్నానో. మింగేశాను.

"తెలీదక్కా. కూతుర్ని, మనవరాల్ని కూడా పిలువు. ఇప్పుడే ఆసుపత్రికి పోదాం. నేనూ వస్తాను."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"సరేమ్మా. మీరు సెప్తే సరే" అని గ్లవ్స్ తీసి, నేను నేర్పినట్టే రెండూ లోపలివైపు తిప్పి డబ్బాలో వేసి, చెప్పులు తొడుక్కోవడానికి పోయింది.