బర్చమ్మ క్లాసు, డాక్టర్ అంకుల్ బొమ్మ

ఆ రోజుల్లో నాకు రాని పనంటూ లేదని నా గట్టి నమ్మకం. అమెరికాలో బాతెల్ అనే ఊళ్లో ఒక బయోటెక్ ల్యాబులో కొత్త ఉద్యోగం, సెకండ్‌హ్యాండ్ కారు, ఇరవై ఆరేళ్ల వయసు. నమ్మకానికి ఇంతకంటే ఏం కావాలి. పైగా నాకు బొమ్మలు వచ్చు. ఇంటర్‌లో నేను గీసిన కప్ప జీర్ణవ్యవస్థను మా జువాలజీ మేడమ్ మూడు సెక్షన్లలో తిప్పి చూపించారు. (కాలేయం ఉండాల్సిన చోటే ఉందని మెచ్చుకున్నారు గానీ బొమ్మ అందంగా ఉందని అనలేదన్న సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత తట్టింది.) అందుకే కమ్యూనిటీ సెంటర్‌లో శనివారాలు చిత్రలేఖనం క్లాసు అన్న నోటీసు చూడగానే చేరిపోయాను. నేర్చుకోవడానికి కాదు, నాకు వచ్చింది నలుగురికీ చూపించడానికి.

నేర్పేది రష్యా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. వయసులో ఉండగా జపాన్‌లో కొన్నేళ్లుండి అక్కడి కుంచె పని నేర్చుకున్నారట. వేసేవి మాత్రం తన ఊరి అడవులే: మంచు, నది, తెల్లటి బెరడు మీద నల్లటి మచ్చలుండే బర్చ్ చెట్లు. ఏ మాట ఎత్తినా ఆ చెట్ల దగ్గరికే చేరేవారు గనక నాలో నేను ఆవిడకు బర్చమ్మ అని పేరు పెట్టుకున్నాను. ఆవిడ పద్ధతి నాకు మింగుడుపడలేదు. పెన్సిల్ లేదు, రబ్బరు లేదు. నల్ల సిరా, కుంచె, కాగితం, అంతే. గీసిన గీత గీసినట్టే ఉండిపోవాలి. మంచు కావాలంటే మంచు వేయకూడదట, కాగితాన్ని అలా ఖాళీగా వదిలేయాలట. నేను దేన్నీ వదిలే మనిషిని కాదు. బెరడులో ప్రతి పొరా గీసేదాన్ని. ఆవిడ నా వెనక నిలబడి, "చాలా కష్టపడ్డావు. చెట్టు ఎక్కడ?" అనేవారు.

రెండు నెలలకు లైబ్రరీలో మా క్లాసు ప్రదర్శన పెట్టారు. కొత్తవాళ్లు చెట్టో కొండో వేస్తే చాలన్నారు. నేను చేయెత్తి, పోర్‌ట్రెయిట్ వేస్తానన్నాను. బర్చమ్మ నన్ను కాసేపు చూసి, "తొందరపడేవాళ్లకు మనిషి ముఖం దొరకదు" అన్నారు. వద్దని మాత్రం అనలేదు. జపాన్ నుంచి తెప్పించిన చేతితో చేసిన కాగితం మనిషికి ఒకటి చొప్పున ఇచ్చారు.

నా మోడల్ డాక్టర్ అంకుల్. గుంటూరు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడి, గుండె డాక్టరుగా రిటైరైన పెద్దమనిషి. ఆదివారాలు ఆంటీ నాకు భోజనం పెట్టేవారు, అలా చనువు. ఆయనది నున్నటి గుండు, మీసం లేదు. గీయడం తేలికని నా లెక్క. అడిగిన పూటే స్నేహితులందరికీ ఫోన్లు చేసి ప్రదర్శనకు పిలిచేశారు. ముందురోజు పొద్దున నేను వెళ్లేసరికి సూటు వేసుకుని కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"చూడమ్మాయ్, జీవితమంతా అందర్నీ నేను చూశాను. నన్ను తీరిగ్గా చూసినవాళ్లు లేరు. జాగ్రత్తగా వెయ్యి" అన్నారు. సరదాగానే అన్నారు గానీ, నేను కుంచెను సిరాలో ఒకటికి రెండుసార్లు ముంచాను.

గుండు ఒక్క గీతలో వచ్చింది. కనుబొమలు కుదిరాయి. నాకే ముచ్చటేసి, కుంచె ఎత్తిపట్టుకుని వెనక్కి వాలి చూసుకుంటూ ఉంటే, సిరా బొట్టు ఒకటి తాపీగా దిగి ఆయన పై పెదవి మీద పడింది. చూస్తుండగానే పాకి అర మీసమైంది. సగం మీసం బాగుండదని రెండో సగం వేశాను. అది పెద్దదైంది. సమం చేయబోయి మొదటిది పెంచాను. పావుగంటలో మా గుండె డాక్టరు పాత సినిమాల్లో జమీందారైపోయారు.

"అయిందా?" అన్నారు అంకుల్ కదలకుండా.

"ఫినిషింగ్ ఇంటి దగ్గర ఇస్తానంకుల్" అని, ఆరీ ఆరని కాగితం పట్టుకుని బయటపడ్డాను.

కార్‌లోంచే బర్చమ్మకు ఫోన్ చేసి ఇంకో కాగితం ఉందా అని అడిగాను. లేదన్నారు. ఏమైందని అడిగితే మీసం సంగతి చెప్పాను. "ఆ మీసం చెట్లుగా మారాలనుకుంటోందేమో చూడు" అని పెట్టేశారు.

మధ్యాహ్నమంతా కూర్చుని మీసాన్ని బర్చ్ తోపు చేశాను. గుండు మంచుకొండ అయింది. కనుబొమలు దూరపు అడవులయ్యాయి. పెదవి పక్క ముడత చిన్న నది అయింది. మిగతా కాగితం జోలికి వెళ్లడానికి ధైర్యం చాలక అలాగే వదిలేశాను.

మర్నాడు అంకుల్ అదే సూటులో, స్నేహితుల బృందంతో, ఆంటీతో సహా వచ్చారు. హాలంతా రెండుసార్లు తిరిగి నా దగ్గరికి వచ్చి, "మన బొమ్మ ఎక్కడ పెట్టారమ్మాయ్?" అన్నారు.

దారి పొడవునా నాలుగు అబద్ధాలు తయారుచేసుకుని వచ్చాను. ఆయన ముఖం చూశాక ఒక్కటీ నోట రాలేదు. "ముఖం పాడుచేశానంకుల్. కొండ చేసేశాను. సారీ" అన్నాను. స్నేహితులు గోడల వైపు తిరిగారు. అంకుల్ కోటు బొత్తాం విప్పుకున్నారు. అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

అంతలో గోడ దగ్గరనుంచి ఆంటీ, "ఏమండీ, ఒకసారి ఇలా రండి. ఈ కొండ చూడండి. పేపరు చదువుతూ చదువుతూ కునుకు తీస్తారే, అప్పుడు అచ్చం ఇలాగే ఉంటారు" అన్నారు.

అంకుల్ కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. తెలియకుండానే చేత్తో గుండు నిమురుకున్నారు. "మరి ఈ చెట్లేంటి?"

"మీసం అంకుల్."

"నాకు పెళ్లినాటికి మీసం ఉండేదమ్మాయ్" అన్నారు నెమ్మదిగా. "ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరు ట్రైనింగుకి, అదే రెసిడెన్సీ ఇంటర్వ్యూకి వెళ్లేముందు తీసేశాను. మళ్లీ పెంచుదామనుకుంటూనే రిటైరైపోయాను." తర్వాత స్నేహితులను ఒక్కొక్కరినే పిలిచి, ఇది నా గుండు, ఇది నా మీసం అని వేలితో చూపించడం మొదలుపెట్టారు. బర్చమ్మ నా పక్కకు వచ్చి, "ఆ మంచు బాగా వదిలావు, ఎలా వదలగలిగావు?" అన్నారు. భయమేసి ముట్టుకోలేదన్నాను. "కారణం ఏదైతేనేం" అన్నారావిడ.

ఆ బొమ్మ వాళ్లింటి హాలులో పెట్టుకున్నారు. నేనూ ఆ తర్వాత బుద్ధిగా నేర్చుకున్నాను. ఇప్పుడు నేను వేసిన ముఖాన్ని చూసి మనుషులు తమను తాము గుర్తుపడతారు. పక్కన కాగితాలు దొంతరగా ఉంటాయి. ఒకటి చెడితే ఇంకోటి తీస్తాను. అప్పుడప్పుడూ ఇరవై ఆరేళ్ల ఆ పొగరుబోతు పిల్ల గుర్తొచ్చి, అలాంటి కొండ ఇంకొకటి వేద్దామని కూర్చుంటాను. ఎంత ప్రయత్నించినా వట్టి కొండే వస్తోంది.