చైనా ఎరుపు, వియత్నాం నీలం

సుందరరావుగారిని పలకరించినవారెవరూ చైనా, వియత్నాంల గట్టికలప దిగుమతుల విలువ తెలుసుకోకుండా ఇల్లు చేరలేదు. టేకు, ఓకు వంటి కలపను ఆ రెండు దేశాలు ఏ సంవత్సరం ఎంత విలువకు తెప్పించుకున్నాయో పోల్చడమే అర్థశాస్త్ర ఆచార్యులుగా ఆయన జీవితకాల పరిశోధన. దుప్పటంత కాగితం మీద రెండు గీతలు: ఎర్రది చైనా, నీలిది వియత్నాం. ఆ కాగితాన్ని చుట్టచుట్టి, చంకన పెట్టుకొని, తార్నాకలో మా పక్కవాటా నుంచి విశ్వవిద్యాలయానికి నడిచి వెళ్ళేవారు.

"గోంగూర పిరమైంది సారూ, నిరుడు గింత ధర లేకుండె" అన్నది ఒకనాడు ఆకుకూరల ఉప్పలమ్మ.

"ఒక్క ఏడాది చూసి తీర్పు చెప్పకూడదమ్మా. ఇప్పుడు వియత్నాం సంగతే తీసుకో..."

"నాకద్దు సారూ. మీరే గోంగూర తీసుకపోండ్రి" అని, ఆమె రెండు కట్టలు ఊరికే ఇచ్చి పంపింది.

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్నాక చిక్కు వచ్చిపడింది. ఒకచోట బయలుదేరి విడిపోయే ఆ రెండు గీతలు రెండు రాష్ట్రాలేనని చూసినవారందరూ నమ్మారు. ఆయనది తెనాలి.

"పైకి పోయే గీత మీదేనా సార్?" అని టీకొట్టులో ఎవరో దెప్పారు.

"మాది కాదండీ, చైనాది."

ఎవరూ నమ్మలేదు.

ఆయన పరిశోధక విద్యార్థి వెంకటనర్సయ్యది జనగామ. అతని తుది మౌఖికపరీక్ష నాడే బంద్ వచ్చింది. పరీక్షకుడు మధ్యాహ్నం కాచిగూడలో రైలెక్కుతాడు. ఈ అవకాశం తప్పితే మళ్ళీ ఎన్నడో. ఉదయపు నడకకు వెళ్ళిన నాకు గురుశిష్యులిద్దరూ విశ్వవిద్యాలయం గేటు దగ్గరే కనిపించారు. అడ్డంగా ముళ్ళకంచె, దానిముందు పోలీసులు.

"స్టూడెంట్లకు ఎంట్రీ లేదు. మీరైతే లోపలికి పోండి సార్" అన్నాడు ఎస్సై.

"గీడ ఆగితే నా పని ఖతం సార్" అని నర్సయ్య గొణిగాడు.

ఎస్సై చూపు ఆచార్యులవారి చంకలోని కాగితపు చుట్ట మీద పడింది. "గదేంది, బ్యానరా?"

సుందరరావుగారి ముఖం వెలిగింది. "రెండు గీతలండీ."

"రెండు రాష్ట్రాలా?"

"రెండు దేశాలు."

ఎస్సై టోపీ సర్దుకున్నాడు. "విప్పుండ్రి."

వదిలితే మళ్ళీ చుట్టుకుపోయే కాగితమది. అందుచేత ఇద్దరు కానిస్టేబుళ్ళు చెరొక కొస పట్టుకున్నారు. కంచెలో మనిషి పట్టే సందుకు సరిగ్గా తెర కట్టినట్లయింది. ఆచార్యులవారు ప్రారంభించారు. కొంతసేపటికి ఎస్సై చెమట తుడుచుకున్నాడు.

"సమజైంది సార్. ఇగ మూయుండ్రి."

"అయ్యో, పొరపాటండీ. ఎర్రగీత వియత్నాం అన్నాను. అది చైనా. మొదటినుంచి చెబుతాను, ఉండండి."

రెండవసారి పూర్తయి, కాగితం చుట్టేసరికి వెంకటనర్సయ్య కంచెకు అవతల, ఆర్ట్స్ కాలేజీ దారిలో చుక్కంత కనిపిస్తున్నాడు.

"ఆ పిలగాడేడి?" అని ఎస్సై కంచె వైపు అడుగు వేశాడు.

"మీకేమైనా సందేహాలుంటే..." అని సుందరరావుగారు మళ్ళీ చుట్ట విప్పబోయారు.

ఎస్సై ఆగిపోయాడు. "ఏం లేవు సార్. మీరు పోండి."

సాయంత్రం నేను సుందరరావుగారింట్లో ఉండగా డాక్టర్ వెంకటనర్సయ్య మిఠాయి డబ్బాతో వచ్చాడు. "సార్ రంగులు మర్చిపోయిండంటే నాకే భయమైంది టీచరమ్మా" అన్నాడు.

అతడు వెళ్ళాక నేను అడిగాను. "ఇన్నేళ్ళలో ఆ రంగులు ఒక్కసారైనా తప్పు చెప్పని మనిషి, ఇవాళ ఎలా తప్పారండీ?"

సుందరరావుగారు లడ్డూ తుంచుకున్నారు.

"ఒక్కరోజు చూసి తీర్పు చెప్పకండి, టీచరుగారూ."