చాయ్ వేళ ఆపని టేపు

1967 జూన్‌లో నేను విశ్వవిద్యాలయం భాషాశాస్త్ర విభాగంలో, ధ్వని ల్యాబుకు అటెండరుగా చేరాను. నాలుగో తరగతి ఉద్యోగం, ఏడాది ప్రొబేషన్. ల్యాబు పెద్ద అయిన రీడరు గారు చివర్లో ‘పని తృప్తికరం’ అని సంతకం పెడితేనే పర్మనెంటు, లేకపోతే ఇంటికే. ఆర్డరులో నా పని తలుపులు తీయడం, బల్లలు తుడవడం అని రాశారు. కానీ ల్యాబులో ఉన్న ఒకే ఒక టేపు రికార్డరును నడిపింది నేను. దాని మాన్యువల్ జర్మన్‌లో ఉండేది. ఎమ్మేలు చదివినవాళ్లు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఏడో తరగతితో బడి మానిన నేను, తాళంచెవి నా దగ్గరే ఉండేది గనక, మాన్యువల్ తెచ్చుకొని నిఘంటువు పక్కన పెట్టుకొని, సీతాఫల్‌మండిలోని నా గదిలో పేజీ పేజీ చదివాను. ఈ సంగతి ఏ ఫైలులోనూ లేదు గనక ఇక్కడ రాస్తున్నాను.

మరుసటి మార్చిలో మాధవన్ అనే పరిశోధక విద్యార్థి పని నా చేతికి వచ్చింది. ఆయన మలయాళీ, ఊరు పాలక్కాడు. జర్మన్‌నూ మలయాళాన్నూ పోల్చడం ఆయన సిద్ధాంత వ్యాసం. రెండు భాషలూ మాటకు మాట అతికించి రైలు పెట్టెల్లా పొడుగు మాటలు చేస్తాయి. అలాంటి మాటలున్న వాక్యాన్ని ఒక్క ఊపిరిలో ఎంతవరకు లాగుతారు, ఎక్కడ ఆగుతారు అన్నది ప్రశ్న. మా రికార్డరులో టేపు సెకనుకు ఏడున్నర అంగుళాలు నడిచేది. మాటల మధ్య నిశ్శబ్దం మొదలైన చోట, ముగిసిన చోట టేపు వెనకవైపు మైనపు పెన్సిలుతో గీతలు పెట్టి స్కేలుతో కొలిస్తే ఎంతసేపు ఆగారో తెలిసిపోతుంది. గీతలు పెట్టింది నేను, కొలిచింది నేను, పట్టికలో అంకెలు ఎక్కించింది మాధవన్.

జర్మన్ వాక్యాలు చదివింది తార్నాకలో అద్దెకుండే ఒక జర్మన్ ఇంజనీరు భార్య. మాధవన్ జాబితా రాసిచ్చిన అరవై వాక్యాలూ గడగడా చదివి వెళ్లిపోయింది. మలయాళానికి తార్నాకలోనే ఉండే నర్సు అన్నమ్మ వచ్చింది. తోడు చెల్లెలిని తెచ్చుకుంది. ఇస్త్రీ చీరతో, మైకు ముందు వెన్ను నిటారుగా పెట్టి కూర్చొని, మాట మాటకూ ఆగుతూ చదివింది. గొంతు ఎంత పలుకుతోందో చూపే రికార్డరు మీటరులో ముల్లు లేచింది, పడింది, లేచింది, పడింది. ముప్పై వాక్యాలయ్యాక చాయ్ వచ్చింది.

ఇక్కడ నియమం చెప్పాలి. టేపు స్పూళ్లు విదేశాల నుంచి రావాలి, దొరకడం కష్టం. జాబితాలో లేని మాట ఒక్కటి కూడా ఎక్కకూడదు. చాయ్ రాగానే మెషీను ఆపాలి.

నేను ఆపలేదు. స్విచ్చి దగ్గరికి పోయిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. అన్నమ్మ కప్పు అందుకోగానే చెల్లెలితో ఏదో మొదలుపెట్టింది. మాధవన్‌ను కూడా కలుపుకొని గలగలా మాట్లాడింది. నాకు మలయాళం ముక్క రాదు. కానీ ముల్లు కనిపిస్తోంది కదా! లేచిన ముల్లు కిందికి దిగడం లేదు. ఒక్క ఊపిరిలో అంత మాట! పది నిమిషాలు అలాగే తిప్పాను.

వారం తర్వాత, జాబితా వాక్యాల కొలతలన్నీ అయ్యాక, ఆ పది నిమిషాలూ గీతలు పెట్టి కొలిచాను. మాటల మధ్య ఆమె ఆగిందే తక్కువ. అప్పటికే రీడరు గారు జర్మన్ మాటలు కలిసిపోతాయనీ, మలయాళం మాటలు విడివిడిగా నిలుస్తాయనీ ఒక పరిశోధన పత్రం సిద్ధం చేసుకున్నారు. దాన్ని సోమవారం పత్రికకు పోస్టు చేయాలి. తార్నాక బస్సు స్టాపులో ఇద్దరు నర్సులు మాట్లాడుకోవడం విన్న ఎవరైనా ఆ పత్రం చూసి నవ్వుతారు. అయినా అటెండరును అడిగేదెవరు?

ముందు అన్నమ్మ దగ్గరికి వెళ్లి, చెప్పకుండా రికార్డు చేశానని ఒప్పుకున్నాను. ఆమె పకపకా నవ్వింది. “అయ్యో, మా అత్తగారిని తిట్టింది కూడా పడిందా?”

“నాకేం తెలుస్తది అమ్మా, నాకు మీ భాష రాదు. మాధవన్ సారు మస్తు నవ్విండు.”

“అయితే పడే ఉంటది. విననీ పో, ఆమె కొట్టాయంలో ఉంది.”

మరి జాబితా అలా ఎందుకు చదివారంటే, ఆమె నన్ను వింతగా చూసింది. “చర్చిలో బైబిలు వాక్యం చదివినట్టు చదివిన మల్లయ్యా. వెనక బెంచీ ముసలమ్మకు కూడా వినపడాలి కదా. గట్టిగా చదువుడంటే మాకు అదే.”

ఇంతే సంగతి. జర్మన్ ఆవిడ రోజూ పిల్లలకు కథలు చదివి వినిపించే మనిషి. ఆమెకు చదవడమంటే మాట్లాడటమే. మేము చర్చినీ ఇంటినీ కొలిచి, రెండు భాషలను కొలిచామనుకున్నాం.

శనివారం స్పూలు పట్టుకొని రీడరు గారి గదికి వెళ్లాను. చాయ్ మాటలు ఎక్కాయనగానే ఆయన ముఖం మారింది. “ఏమయ్యా మల్లయ్యా, డిగ్రీ ఎప్పుడు తెచ్చుకున్నావు? చెరిపెయ్ ముందు. ప్రొబేషన్‌లో ఉన్నావు, గుర్తుందా?”

“చెరుపుత సార్. ఒక్కసారి ముల్లు చూసి చెప్పుండ్రి, గప్పుడు చెరుపుత.”

తలుపు దగ్గర నిలబడ్డ మాధవన్, వినండి సార్ అని మెల్లగా అన్నాడు. రీడరు గారు ల్యాబుకు వచ్చి విన్నారు. మళ్లీ వేయమన్నారు. మూడోసారి స్కేలు నా చేతిలోంచి లాక్కొని తనే కొలిచారు. సోమవారం పత్రం పోస్టుకు వెళ్లలేదు.

ఏప్రిల్‌లో ఇద్దరినీ మళ్లీ పిలిచాం. ఈసారి జాబితా లేదు, ముందే చాయ్. జర్మన్ ఆవిడకు తోడుగా ఆమె స్నేహితురాలిని కూడా రమ్మన్నాం. రెండు భాషల మధ్య తేడా పూర్తిగా పోలేదు గానీ బాగా తగ్గింది. మాధవన్ వ్యాసం నిలబడింది. కృతజ్ఞతల పేజీలో రీడరు గారి పేరుంది, టేపు రికార్డరు కంపెనీ పేరుంది. నా పేరు లేదు.

నాకు దక్కింది మెమో. అనుమతి లేని మాటలతో పది నిమిషాల టేపు వృథా చేసినందుకు ప్రొబేషన్ మూడు నెలలు పొడిగించారు. ఆ తర్వాతే సంతకం పడింది.

ముప్పై ఏళ్ల సర్వీసులో మరెన్నో భాషలు రికార్డు చేశాను. మనిషి మైకు ముందు కూర్చున్న మొదటి పావుగంటను ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు. చదివించే ముందు, మీరు గట్టిగా చదివేది ఎక్కడ, ఎవరి కోసం అని అడిగేవాణ్ణి. 1970లో ల్యాబు గోడకు టైపు చేసిన నియమాలు అంటించారు. వాటిలో మూడోది: ‘విరామ సమయంలో రికార్డరు ఆపరాదు.’ కింద రీడరు గారి సంతకం ఉంది. మెమో మీద ఉన్నదీ అదే సంతకం.