నాలుగోసారి పాడిన స్వరం

హేగ్ నగరంలోని ఒక ఒపెరా బృందంలో రెన్స్కె ఇరవై ఏడేళ్ళు కోరస్‌లో, గుంపులో ఒకతెగా పాడింది. రైతు భార్య, సన్యాసిని, ఖైదీ, ఒకసారి ఏకంగా గొర్రె వేషం కూడా కట్టింది. ఒంటరిగా ఒక్క వాక్యం పాడే భాగ్యం మాత్రం దక్కలేదు. అడిగి ఉంటే దక్కేదేమో. కానీ దేశానికి ఉత్తరాన ఫ్రీస్‌లాండ్‌లో ఆమె పుట్టిన ఇంట్లో తన గురించి తాను అడగడం పెద్ద తప్పు. చిన్నప్పుడు చర్చిలో ఆమె గొంతు కాస్త పైకి వినబడితే చాలు, దారిలో తండ్రి అనేవాడు: "ఏమ్మా, ఇవాళ దేవుడు నీ ఒక్కదాని పాట వినడానికే వచ్చాడా?" ఆ మాట ఆమెలో అలాగే ఉండిపోయింది.

ఆమెకు యాభై నాలుగేళ్ళప్పుడు యోరిట్ వచ్చాడు. ముప్పై ఎనిమిదేళ్ళ స్వరకర్త. ఒపెరాలో సినిమానీ, యంత్రాల్లో పుట్టించిన ధ్వనులనీ కలుపుతాడని పత్రికలు ఒకటే భజన. వరదలో మునిగిన పల్లె మీద కొత్త ఒపెరా కడుతున్నాడు. అందులో బిడ్డను పోగొట్టుకున్న తల్లి, ముందే తీసి పెట్టిన సినిమాలో, వేదిక వెనకాల తెర మీద పాడాలి. కోరస్‌లో ఒక్కొక్కరినీ విని రెన్స్కె దగ్గర ఆగాడు.

"తల్లివి నువ్వే," అన్నాడు.

ఆ సాయంత్రం ఎదురుగాలిలో సైకిలు తొక్కుతూ ఆమె దారంతా పాడుకుంది. ఫోన్లో చెల్లెలు సీత్స్కెకి చెప్పింది.

"నీకా? ఈ వయసులోనా? ఇంకెవరూ దొరకలేదా అక్కా?" అంది చెల్లెలు. ప్రేమ లేక కాదు, తోచింది అనేయడం వాళ్ళ ఊరి అలవాటు.

ఫిబ్రవరి చలిలో, వరద నీళ్ళు తోడే పాడుబడిన పంపుల గదిలో చిత్రీకరణ పెట్టారు. ముఖానికి మూరెడు దూరంలో కెమెరా. పాడవలసింది ఒకటే వాక్యం, చివర పైస్థాయిలో ఒక స్వరం. మొదటి మూడుసార్లూ గొంతు వణికింది. నాలుగోసారి ఆ స్వరం తేటగా, నిటారుగా లేచింది. జన్మలో అంత బాగా పాడలేదని ఆమెకే తెలిసింది. ఆశగా యోరిట్ వైపు చూసింది.

"మళ్ళీ," అన్నాడు.

ఇరవయ్యోసారికి గొంతు బొంగురుపోయింది. నీళ్ళ సీసా వైపు చూస్తే "తర్వాత" అన్నాడు. ముప్పయ్యోసారికి ఏడుపొచ్చింది. "మళ్ళీ." ముప్పై ఆరోసారి నోరు తెరిస్తే గాలీ, ఒక కీచుమన్న శబ్దమూ తప్ప ఇంకేమీ రాలేదు. అప్పుడు యోరిట్ చిరునవ్వు నవ్వి, కాఫీ, దాంతో ఒక బిస్కట్టూ ఇచ్చాడు.

"వింటావా?"

వినాలని ప్రాణం కొట్టుకుంది. కానీ తన పాట తానే కూర్చుని వినడమా? "వద్దులే, నువ్వు చూసుకుంటావుగా," అని ఒప్పందం మీద సంతకం పెట్టి సైకిలెక్కింది. నాలుగోది ఉందిగా అని ధీమా.

సినిమా పని చివరిరోజు దాకా తెమల్లేదు. కుటుంబాల కోసం వేసే ముందస్తు ప్రదర్శనలోనే అందరూ మొదటిసారి దాన్ని చూశారు. సీత్స్కె ఊరి చర్చి గాయకులను వ్యాన్ నిండా ఎక్కించుకొచ్చింది. కోరస్ తెరకు వీపు పెట్టి నిలబడింది కాబట్టి రెన్స్కెకి బొమ్మ కనబడలేదు. గొంతు వినబడింది. ముప్పై ఆరోసారిది. ఆ కీచుమన్న శబ్దాన్ని యంత్రంతో సాగదీసి, నాలుగు నిమిషాలు, నలువైపుల నుంచీ వినిపించారు. తన నోరు వెనకాల ఎంత పెద్దగా తెరుచుకుని ఉందో ఎదుటివాళ్ళ ముఖాల్లో చూసింది. మూడో వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. సీత్స్కె తల దించుకుంది. వాద్యబృందం ముందు నిలబడి పాట నడిపించే సంగీత నిర్వాహకుడు చెయ్యెత్తాడు. ఆ అరుపు కింద కోరస్ నోరు మూసుకుని రాగం తీయాలి. రెన్స్కె తీసింది.

ఆట అయ్యాక హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ హాలు దేనికైనా లేస్తుంది. బయట అందరూ ఆ దేశపు ఆనవాయితీ ప్రకారం పాడినవాళ్ళ బంధువుల చేతులు పట్టుకుని ఊపుతున్నారు: "మీ అక్క పాడినందుకు మీకు అభినందనలు!" సీత్స్కె కందగడ్డలా ఎర్రబడ్డ ముఖంతో థాంక్స్ చెప్పి చెప్పి అక్క దగ్గరికొచ్చింది.

"నాన్న ముందే పోయి బతికిపోయాడే అక్కా."

రెన్స్కె యోరిట్‌ని పట్టుకుంది. తన కోసం తాను నోరు విప్పి అడగడం బతుకులో అదే మొదలు.

"నాలుగోసారి బాగా రాలేదా?"

"అద్భుతంగా వచ్చింది," అన్నాడు యోరిట్. "అంత తేటైన స్వరం నేను విని ఏళ్ళయింది."

"మరి?"

"తేటగా పాడేవాళ్ళు బోలెడుమంది. నాకు తెగిపోయిన గొంతు కావాలి. అందుకేగా అన్నిసార్లు పాడించింది. నాలుగోది ఆ పూటే చెరిపేశాను. వింటావా అని అడిగాను, నువ్వే వద్దన్నావు."

అతనిలో కుళ్ళు లేదు. ఉంటే తిట్టుకోవడానికైనా పనికొచ్చేది.

పదకొండు ప్రదర్శనలు జరిగాయి. పదకొండుసార్లూ ఆమె తెరకు వీపు పెట్టి తన అరుపు కింద రాగం తీసింది. పైస్థాయి మళ్ళీ రాలేదు. తర్వాతి ఏడాది గొంతు పరీక్షలో ఆమెను కోరస్‌లోంచి తీసేశారు. ఒపెరా మాత్రం ఊరూరా తిరుగుతోంది. రెన్స్కె లేదని ఆటేమీ ఆగలేదు. వాళ్ళకు కావలసిన గొంతు వాళ్ళ దగ్గరే ఉంది.