పెద్దమ్మ సవతికి గృహప్రవేశం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఆ రోజులంటే మరీ తాతల కాలమేమీ కాదు. ఉప్పల్ రోడ్డు నడుమ మెట్రో స్తంభాలు ఒక్కొక్కటే లేస్తూ, వాటి పక్కనుంచి మా బస్సులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతున్న కాలం. నాకు ఇరవై మూడేళ్లు. అంతకు రెండేళ్ల ముందే ఇంజనీరింగ్ పాసై నాచారంలో ఒక ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరాను. మిగతా పరికరాలు సరిగ్గా కొలుస్తున్నాయో లేదో కొలిచి చూడడం అక్కడ నా పని. ఈ థర్మామీటరు తప్పు చెబుతోంది, ఈ తూకం అబద్ధమాడుతోంది అని ఎర్ర చీటీ అంటించే అధికారం ఆ వయసుకే చేతికొస్తే ఎవరి తల మాత్రం నిలుస్తుంది? నాదీ నిలవలేదు. (పాలవాడు వచ్చే వేళకు నన్ను వంటింటి పనికి పంపేది మా అమ్మ, అతని కొలతగిన్నె నా కంటబడకుండా.) అలాంటి నేను ఒక ముసురు పట్టిన పొద్దున పప్పులో ఎలా కాలేశానో చెప్పాలంటే ముందు మా పెద్దబాపు బండి గురించి చెప్పాలి.

పెద్దబాపు అంటే మా నాన్నకు అన్న. ఒక సర్కారు పరిశోధన సంస్థలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. భూమి లోపల ఏముందో పైనుంచే కనిపెట్టే సైంటిస్టులను గుట్టలకూ అడవులకూ తీసుకెళ్లడం, నెలల తరబడి వాళ్లతో పాటే క్యాంపులో ఉండడం ఆయన ఉద్యోగం. ఆ క్యాంపుల కోసమే సంస్థవాళ్లు ఒక పొడవాటి డీజిల్ వ్యానును చిన్న ఇల్లులా కట్టించారు. రెండు పడకలు, ఒక పొయ్యి, ఒక సింకు, మడత బల్ల, వెనకవైపు తలుపు. ఇరవై ఏళ్లు ఆయన తోలింది దాన్నే. ఆయన రిటైరైన కొన్నాళ్లకు దాన్ని తుక్కు కింద వేలం వేశారు. మిగతావాళ్లు ఇనుము కోసం వెళ్లారు, మా పెద్దబాపు వ్యాను కోసం వెళ్లాడు. (ఆ తరువాతి కాయితాల కథ వేరే ఉంది. అది హాస్యం కాదు కాబట్టి ఇక్కడ వద్దు.) తెలిసినాయన ఒకరు నాచారంలో ఖాళీ షెడ్డు ఇస్తే అందులో పెట్టించాడు. అది మా ఫ్యాక్టరీకి రెండు సందుల అవతలే. ఒకరోజు షిఫ్టు దిగి ఊరికే చూసొద్దామని వెళ్లినదాన్ని, ఆ తరువాత రెండేళ్ల పాటు నా ఆదివారాలన్నీ అక్కడే గడిచిపోయాయి.

నన్ను అక్కడ కట్టిపడేసింది కుతూహలమే. ఆ బండిలో ఏ వస్తువూ ఒక్క పనితో సరిపెట్టుకునేది కాదు. బల్ల మడిస్తే పడకకు మధ్య పలక అవుతుంది. మెట్టు పైకి లేపితే తలుపుకు గడియ అవుతుంది. సొరుగును నేరుగా లాగితే రాదు, కాస్త పైకెత్తి లాగాలి. గుంతల్లో బండి ఎగిరినా లోపలి గిన్నెలు కింద పడకుండా ఆ ఏర్పాటు. సింకు కింద కాలితో తొక్కే పంపు ఉండేది, తొక్కినన్ని నీళ్లే వస్తాయి. ఎవరో పేరు తెలియని వడ్రంగి, తాను ఎన్నడూ పడుకోని ఇంటి గురించి ఇంతగా ఎలా ఆలోచించాడా అని నేను గంటలు గంటలు ఆ సొరుగులు తెరిచి మూస్తూ కూర్చునేదాన్ని. పెద్దబాపు మాత్రం తన పాటికి తాను తుప్పు గీకుతూ, పాత కథలు చెబుతూ ఉండేవాడు. వాటిలో ఆయనకు ఎంతో ఇష్టమైనది అయస్కాంతం సర్వే కథ. ఇనుము దగ్గరుంటే పరికరంలో ముల్లు తప్పు చూపుతుంది కాబట్టి, వ్యానును వంద అడుగుల అవతల ఆపి, సైంటిస్టుల తాళంచెవులు, బెల్టులు అన్నీ ఈయనే అడిగి తీసుకునేవాడట.

"ఎంత పెద్ద సారైనా సరే, బెల్టు నా చేతుల పెట్టంది మిషన్ ముట్టనియ్యకపోతుంటి. ఒక సారు ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, ఇంకో చేత్తో లెక్కలు రాసుకునేది" అని నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని, ముప్పయ్యోసారి కూడా.

నవ్వనిది ఒక్క పెద్దమ్మే. ఆమె ఆ షెడ్డు గడప తొక్కలేదు. వ్యానుకు ఆమె పెట్టిన పేరు సవతి. పిల్లలు లేని ఇల్లు, ఉప్పల్‌లో రెండు గదులు, భర్త ఏడాదిలో ఏడెనిమిది నెలలు ఆ బండిలో. ఆ పేరు ఊరికే పుట్టలేదని నాకు అప్పుడు తట్టలేదు. పెద్దబాపుకు తట్టింది. ఆయన తుప్పు గీకిందంతా ఆమెను అందులో ఎక్కించుకుని ఒక్కసారైనా తీసుకుపోవాలనే. ఆ మాట నాతో రెండు మూడుసార్లు అన్నాడు, ఆమెతో అనడానికి మాత్రం రెండేళ్లు పట్టింది. రంగు వేయడం పూర్తయి, ఇంజను తాళం తిప్పగానే పలికిన నాడు, నన్ను తోడు తీసుకుని వెళ్లి అడిగాడు.

పెద్దమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ, తలెత్తకుండానే చెప్పింది. "అది బండా, ఇల్లా?"

"రెండూ" అన్నాడు పెద్దబాపు, భయంభయంగా.

"ఇల్లయితే పాలు పొంగియ్యాలె. పొయ్యి ఆగ్నేయంల ఉండాలె, తలుపు తూర్పుకుండాలె. గట్ల లేని ఇంట్ల నేను కాలు పెట్ట."

ఆయన ముఖం వాడిపోయింది. తిరిగే బండికి ఆగ్నేయం ఎక్కడ తెస్తాడు? షెడ్డుకు వచ్చి, వెనక ఎడమ మూలనున్న పొయ్యిని ఊడబీకి ఎక్కడ బిగించాలా అని టేపుతో కొలవడం మొదలుపెట్టాడు. అప్పుడు వెలిగింది నా బుర్ర. పొయ్యిని జరపడమెందుకు, ఇంటినే తిప్పితే పోదా? బండి మూతి పడమరకు పెడితే వెనక తలుపు తూర్పుకు వస్తుంది, ఎడమ మూల పొయ్యి సరిగ్గా ఆగ్నేయానికి వస్తుంది. ప్రపంచంలో ఇంకే ఇంటికీ లేని సౌకర్యం మన ఇంటికి ఉంది పెద్దబాపూ అన్నాను. ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. అంత ఆరాధనగా నన్ను ఆ తరువాత ఎవరూ చూడలేదు. (మా ఆయన ఇది చదువుతాడని తెలిసే రాస్తున్నాను.)

పంతులుగారు పొద్దున ఆరూ నలభైకి ముహూర్తం పెట్టారు. ఉప్పల్‌లో మా సందు ఇరుకు, బండిని అడ్డంగా తిప్పడం కుదరదు. అందుకని నారపల్లి అవతల, పెద్దబాపుకు తెలిసినవాళ్ల వెంచర్‌లో ఒక ఖాళీ ప్లాటు ఒప్పుకున్నాం. పెద్దమ్మ ఆటోలో వస్తానంది, ఒక గంట కోసమేనని మరీ మరీ చెప్పి. మేమిద్దరం ముందుగా బయల్దేరాం. వాన తుంపర పడుతోంది, ఆకాశమంతా మబ్బు. రోడ్డు తవ్వి ఉంటే ఎక్కడెక్కడో చుట్టి చేరాం. ఎటు చూసినా ఒకేలాంటి తెల్లరాళ్లు, ఒకేలాంటి గడ్డి. ఏ దిక్కు ఏదో మా ఇద్దరికీ తెలియలేదు. నేనున్నాను కదా. కొత్తగా కొన్న ఫోను అద్దం ముందున్న హోల్డర్‌కు తగిలించి (టక్కున అతుక్కునే రకం, నా ముచ్చట కొద్దీ నేనే పెట్టించాను) దిక్సూచి తెరిచాను. "ఇంకొంచెం ఎడమకు పెద్దబాపూ. ఇంకా. ఇంకా. ఆపు, పక్కా పడమర" అని చెప్పాను. ఆయన మారు మాట్లాడకుండా తిప్పాడు. ఆయన ధ్యాస దిక్కుల మీద లేదు, ఆటో వచ్చే దారి మీద ఉంది. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

ఆటో వచ్చింది. పెద్దమ్మ పట్టుచీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, గిన్నెతో దిగి, వ్యానును ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒకసారి చూసింది. మెట్టు మీద కుడికాలు పెట్టి లోపలికి వచ్చింది. పొయ్యి వెలిగించింది, పాలు పోసింది. అవి పొంగి తలుపువైపుకు ఒలికాయి. నేను చప్పట్లు కొట్టి "తూర్పుకే పొంగినయి పెద్దమ్మా" అన్నాను.

సరిగ్గా అప్పుడే మబ్బు విడింది. బండి ముందరి అద్దంలోంచి పచ్చని ఎండ లోపలికి పడి, పొడుగ్గా వచ్చి పాలగిన్నె మీద ఆగింది.

పెద్దమ్మ ఎండనూ చూసింది, నన్నూ చూసింది. "ఇదేందే, పొద్దు మూతి దిక్కునుంచి పొడుస్తున్నది?"

"అది రిఫ్లెక్షన్ పెద్దమ్మా" అన్నాను. ఎదురుగా అద్దం నిండా గుండ్రంగా ఉన్నాడు సూర్యుడు.

పెద్దబాపు మెల్లగా ముందుకు వెళ్లి, హోల్డర్ నుంచి ఫోను పీకాడు. కిందికి దిగి గడ్డిలో ఓ వంద అడుగులు నడిచి, అక్కడ నిలబడి చూశాడు. ముల్లు గిర్రున తిరగడం ఇక్కడినుంచి నాకు కనబడదు గాని, ఆయన భుజాలు దిగిపోవడం కనబడింది. తిరిగొచ్చి నా ముఖం వంక చూడకుండానే అన్నాడు. "వ్యాన్ల పెట్టి సూసినవా బిడ్డా? అయస్కాంతానికి అంటిచ్చి?" తిట్టి ఉంటే బాగుండేది. కొలిచే పరికరాలకు చీటీలు అంటించే నేను, బెల్టులు విప్పించిన ఆయన, ఇద్దరం కలిసి టన్నుల ఇనుములో కూర్చుని దిక్కు చూసుకున్నాం. నా నుదుటిన ఒక ఎర్ర చీటీ అంటించుకోవాలనిపించింది.

ఆయన వేళ్లమీద లెక్కపెట్టాడు. "తలుపు పడమరైంది. పొయ్యి వాయవ్యమైంది" అని పడకమీద కూలబడ్డాడు. మళ్లీ లేచాడు. "నువ్వు జర దిగు. బండి తిప్పుత. పంతులును ఇంకో ముహూర్తం అడుగుత. మళ్ల పొంగియ్యి, అయితది." ఆమె ఒకసారి దిగితే మళ్లీ ఎక్కదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

పెద్దమ్మ ఒలికిన పాలు గుడ్డతో తుడుస్తోంది. "కూసో. తిప్పకు" అంది. తుడవడం ఆపలేదు. "ఉప్పల్ల మన పొయ్యి ఆగ్నేయంలనే ఉన్నది. ఎన్నడు తప్పలే. ఆ పొయ్యి మీద ఇరవై ఏండ్లు ఒక్క గిలాస బియ్యం వొండుకుని, ఒక్కదాన్నే కూసుని తిన్న. మూల సక్కగుండి నాకేం ఫాయిద అయింది?"

నేను సొరుగు తెరిచి మూశాను, ఎటు చూడాలో తెలియక.

ఆమె మూడు గ్లాసుల్లో పాలు పోసింది. "రాళ్ల కోసం అన్ని ఊర్లు తిరిగినవు గద. గండ్ల మంచి జాగ ఏది?"

పెద్దబాపు గ్లాసు బల్ల మీద పెట్టాడు. "గోదారి ఒడ్డుకు ఒక మామిడితోట ఉండె. పొద్దుగూకంగ నీళ్లు ఎర్రగ అయితుండె. నీకు సూపియ్యాలె అనుకుంటుంటి."

"ఎన్నడు అనలేదు?"

"ఎట్లంటరు. నువ్వు ఈడ ఉంటివి."

"ఇప్పుడు ఆడికే పోదాం."

"ఎప్పుడు?"

"పాలు తాగినంక" అని, నావైపు తిరిగింది. "ఆటోల ఒక సంచి ఉన్నది. పోయి తేపో బిడ్డా."

తెచ్చాను. బరువుకు భుజం వాచింది. నాలుగు చీరలు, ఆయన మందులు, మామిడికాయ తొక్కు సీసా, ఐదు కిలోల బియ్యం. గంటకోసం వచ్చిన మనిషి సామాను అది. పెద్దబాపు ఆ బియ్యం సంచిని చూసి చూసి, కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. ఆమె చూడనట్టే ముందుకు వెళ్లి డ్రైవరు పక్క సీట్లో కూర్చుంది. కిటికీ దగ్గర నిలబడి "మరి నేను?" అని అడిగాను.

"రెండే పడకలాయె గదనే" అంది పెద్దమ్మ.

బండి బురదలో కాస్త జారి, సర్దుకుని, వెంచర్ గేటు దాటి వెళ్లిపోయింది. నేను అదే ఆటోలో ఉప్పల్ చేరి, అక్కడినుంచి నాచారం పరుగెత్తి, షిఫ్టుకు ఆలస్యమై చీవాట్లు తిన్నాను. ఆ రోజంతా ఎంత అలిగానో చెప్పలేను. రెండేళ్లు గోళ్లలో తుప్పు పోకుండా పనిచేస్తే, మాటవరసకైనా రమ్మనలేదని, దారిలో ఒక్క ఫోనైనా చేయలేదని. నాలుగో రోజు మధ్యాహ్నం పెద్దమ్మ చేసింది. ఎక్కడున్నారో చెప్పలేదు, ఎలా ఉన్నారో చెప్పలేదు. వెనకాల నీళ్ల చప్పుడు, పెద్దబాపు ఏదో గట్టిగా చెప్పి నవ్వడం వినిపించాయి.

"బిడ్డా, చక్కెర డబ్బ ఏ సొరుగుల పెట్టినవే?"

ఎడమవైపు రెండోది, కాస్త పైకెత్తి లాగమని చెప్పాను. సరేనని పెట్టేసింది. ఇంతేనా నా రెండేళ్లకు అని ఆ ఇరవై మూడేళ్ల పిల్ల చాలాసేపు మూతి ముడుచుకుని కూర్చుంది. పిచ్చిపిల్ల, ఆ ఒక్క ఫోను కోసమే రెండేళ్లు పనిచేశానని దానికి అప్పుడు తెలియలేదు.