సూర్యాపేట స్టేషన్‌ను పొలాల్లోంచి తెచ్చిన ప్రశ్న

నిరుడు ఎండాకాలం. హైదరాబాద్ నుంచి మా వైపుగా హైస్పీడ్ రైలు వేస్తే సూర్యాపేటలో స్టేషన్ ఎక్కడుండాలో చెప్పే పని మా కన్సల్టెన్సీకి వచ్చింది. నేను ట్రాన్స్‌పోర్ట్ ప్లానర్‌ని. ఈ పనికి మొదటి మెట్టు ఓడీ సర్వే. అంటే బస్టాండులో నిలబడి, మీదే ఊరు, ఎక్కడికి పోతున్నారు అని ప్రయాణికులను అడగడం. పదిహేనేళ్లుగా ఇదే అడుగుతున్నాను. నిద్రలో లేపినా అడుగుతాను.

మా ముందు రెండు చోట్లున్నాయి. ఒకటి ఊరికి దూరంగా పొలాల్లో, పని సులువు. రెండోది బైపాస్ పక్కన, పల్లె బస్సులన్నీ వచ్చే దారిలో. అక్కడ కట్టడం పెద్ద తలనొప్పి. సర్వే కాగితాలు చూస్తే ప్రయాణికులు దాదాపు అందరూ సూర్యాపేట టౌన్ వాళ్లే. వాళ్లకు బండ్లుంటాయి, పొలాల దాకా వెళ్లగలరు. స్టేషన్ ఎటుంటే ఊరు అటే పెరుగుతుంది, పెరగనీ అనుకుని డ్రాఫ్ట్ రిపోర్టులో పొలాలకే టిక్ పెట్టేశాను.

పంపేముందు ఎందుకైనా మంచిదని ఒకసారి బస్టాండుకు వెళ్లాను. హైదరాబాద్ బస్సు కోసం నిలబడ్డ ఒకామెను పలకరించాను. పేరు సరోజ. హైదరాబాదులో ఒక దవాఖానలో నర్సు.

“ఏ ఊరమ్మా నీది?”

“సూర్యాపేట మేడం.”

“ఏ వార్డు?”

ఆమె నవ్వేసింది. “వార్డు యాడిది మేడం? మాది చివ్వెంల అవతల తండా. గా పేరు చెప్తే మీకెట్ల తెలుస్తది? అందుకే పేట అన్న.”

అందరూ ఇలాగే చెప్పి ఉంటే నా రిపోర్టంతా తప్పే! మిర్యాలగూడ అవతల పల్లెలో పుట్టిన నేను కూడా ఎవరడిగినా మిర్యాలగూడ అనే చెప్తాను. అంత తెలిసీ ఆ ప్రశ్న రాసింది నేనే. సిగ్గుతో చచ్చిపోయాను.

పొలాల దగ్గర స్టేషన్ పెడితే ఎలా ఉంటుందని అడిగాను.

“ఏం లాభం మేడం? గీడ బస్సు దిగి, ఆటో దొరికి, గాడికి పోయేసరికి మీ రైలు హైదరాబాదుల ఉంటది.” తర్వాత గొంతు తగ్గించింది. “వారమంత హాస్టల్లనే ఉంట. మూడేళ్ల బిడ్డ మా అమ్మ కాడ ఉంటది. మొన్న ఇంటికి పోతే నన్ను సూసి అమ్మమ్మ సాటుకు పోయింది. రైలు మా బస్సు దిగే కాడ ఆగితే రోజూ ఇంటికొస్త.”

గడువు ఇంకా నాలుగు రోజులే ఉంది. పాత ప్రశ్న కొట్టేసి కొత్తది రాశాను: ‘ఇయ్యాల పొద్దున ఇంట్లకెల్లి ఏ బండెక్కి వచ్చిన్రు?’ మూడు రోజులు మేమంతా బస్టాండులోనే ఉన్నాం. గొంతులు పోయాయి. చూస్తే, సూర్యాపేట అన్నవాళ్లలో ఎక్కువమంది పల్లె బస్సు దిగి వచ్చినవాళ్లే. ఇంటికీ స్టేషన్‌కీ మధ్య దూరాన్ని మేము లాస్ట్ మైల్ అంటాం. అది కుదరకపోతే రైలు ఎంత వేగంగా పోయినా ఈ పల్లెలకు ఒరిగేదేమీ లేదు.

మా టీమ్ లీడర్ మీటింగులో అడ్డం తిరిగారు.

“ఏంటమ్మా ఇది? సొంత ఊరి పేరు సరిగా చెప్పనివాళ్లు ఉంటారా? రేపు ఇవ్వాల్సిన రిపోర్టు ఇవాళ మారిస్తే మన పరువేం కావాలి?”

నాకు ఒళ్లు మండింది. “సార్, మీదే ఊరు?”

“కోదాడ.”

“కోదాడలో ఎక్కడ సార్?”

“అంటే... కోదాడ పక్కన చిలుకూరమ్మా” అని ఆయన పకపకా నవ్వేశారు. గదంతా నవ్వులే. “సరే, గెలిచావు పో! స్టేషన్ బైపాస్ పక్కకు జరిపెయ్.”

ఆ చోటే రిపోర్టులో వెళ్లింది. పై కమిటీ దానికే ఒప్పుకుందని కబురొచ్చిన రోజు ఆఫీసులో ఈల వేశాను. ఈ వయసులో ఈలేమిటని ఎవరైనా అనుకుంటే అనుకోనీ! అప్పటినుంచి నా ప్రతి సర్వే ప్రయాణికుల ఇంటి గడప దగ్గరే మొదలవుతోంది. ఊరు ఎటు పెరగాలో చెప్పేముందు, మనుషులు దాంట్లోకి ఎటునుంచి వస్తున్నారో తెలుసుకోవాలని సరోజ వల్లే నేర్చుకున్నాను.

సర్వే కాగితంలో రాసుకున్న నంబరుకు ఫోన్ చేసి ఆమెకు ఈ కబురు చెప్పాను. పట్టాలు పడటానికి ఇంకా ఏళ్లు పడుతుందని కూడా దాచకుండా చెప్పాను.

“పడనియ్యిండ్రి మేడం! గప్పటికి నా బిడ్డ బడికి పోతది. పొద్దుమూకి నేనే పక్కన కూసొని సదివిస్త!”